విదేశీ ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్: సూది గుచ్చుకున్నాక మొదటి రెండు గంటల కోసం ముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం, విదేశంలో ఎంబీబీఎస్ చేసేవాళ్లు కనీసం 54 నెలలు చదివి, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ పూర్తి చేయాలి. ఇండియా వచ్చాక మరో 12 నెలలు చేయాలి. రెండేళ్లపాటు రక్తం తీయడం, కుట్లు వేయడం, దగ్గుతున్న రోగి మీదికి వంగి స్టెత్ పెట్టడం తప్పదు. నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి వెళ్లే పిల్లలకు కన్సల్టెన్సీ వాళ్లు ఫీజు, హాస్టల్, ఇండియన్ మెస్ గురించి చెప్తారు. అర్ధరాత్రి డ్యూటీలో సూది గుచ్చుకుంటే ఎవరికి ఫోన్ చేయాలి, మందు ఎక్కడ దొరుకుతుంది, డబ్బు ఎవరు కడతారు అన్నది తల్లిదండ్రులూ అడగరు, వాళ్లూ చెప్పరు. అలాంటి ప్రమాదంలో మొదటి రెండు గంటలే కీలకం. ఆ రెండు గంటల్లో చేయాల్సిన పనిలో చాలా భాగం నెలల ముందే, మన ఊళ్లోనే పూర్తికావాలి.

మొదటి మెట్టు: హెపటైటిస్-బీ, కనీసం ఆరు నెలల ముందు

అన్నిటికన్నా ముందు దీని సంగతి తేల్చుకోండి. టీకా లేని మనిషికి హెపటైటిస్-బీ రోగి రక్తమున్న సూది గుచ్చుకుంటే, ఆ రోగి రక్తంలో వైరస్ ఎంత ఉందన్నదాన్ని బట్టి 6 నుంచి 30 శాతం దాకా సోకే అవకాశం ఉంది. హెచ్ఐవీకి అది 0.3 శాతమే. పిల్లలు భయపడేది రెండోదానికి, ఎక్కువ ముప్పు మొదటిదానితో. టీకాతో పూర్తిగా ఆపగలిగేది కూడా మొదటిదాన్నే.

ప్రభుత్వ టీకాల్లో హెపటైటిస్-బీ దేశమంతటికీ వచ్చింది 2011లో. అంతకు ముందు పుట్టినవాళ్లలో ప్రైవేటుగా వేయించుకున్నవాళ్లూ ఉంటారు, అసలు వేయించుకోనివాళ్లూ ఉంటారు. "చిన్నప్పుడు అన్నీ వేయించాం" అన్న అమ్మ మాట సరిపోదు, కార్డు చూడాలి.

కార్డు లేకపోతే మొదటినుంచి వేయించుకోండి. మోతాదు 1 మిల్లీలీటరు, అంటే 20 మైక్రోగ్రాములు. మొదటి రోజు, నెలకు, ఆరో నెలకు. భుజం కండరానికే వేయించుకోవాలి, పిరుదుకు వేస్తే రక్షణ తక్కువగా వస్తుంది. సీటు ఆలస్యంగా ఖాయమై టైం లేకపోతే 0, 1, 2 నెలల్లో మూడు డోసులు, పన్నెండో నెలలో నాలుగోది వేసే పద్ధతి కూడా ఉంది. మధ్యలో ఒక డోసు ఆలస్యమైతే మళ్లీ మొదటినుంచి అక్కర్లేదు, ఆగిన చోటినుంచి కొనసాగిస్తే చాలు. ఇప్పటికే అక్కడ చదువుతున్నవాళ్లు వేసవి సెలవులకు ఇంటికొచ్చిన మొదటి వారంలోనే ఒక డోసు, వెళ్లేముందు రెండోది వేయించుకుంటే మూడోది అక్కడ వేయించుకోవచ్చు.

ఎక్కువమంది వదిలేసే పని దీని తర్వాతిది. చివరి డోసు వేసిన నెల, రెండు నెలల మధ్య టైటర్, అంటే రక్తంలో రక్షణనిచ్చే యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయో, చూపించుకోవాలి. ల్యాబులో "హెపటైటిస్-బీ టెస్ట్" అని మాత్రం అడిగితే ఒంట్లో వైరస్ ఉందో లేదో చూసే హెచ్‌బీఎస్ఏజీ చేసి పంపేస్తారు. అది నెగటివ్ వస్తే జబ్బు లేదని తెలుస్తుంది, రక్షణ ఉందో లేదో తెలియదు. మీకు కావలసింది యాంటీ-హెచ్‌బీఎస్, అదీ అంకె వచ్చే పరీక్ష. ఆ అంకె 10 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే రక్షణ ఉన్నట్టే. పదికన్నా తక్కువైతే మరో మూడు డోసుల కోర్సు వేసి మళ్లీ చూడాలి. అప్పటికీ రాకపోతే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేయించాలి. అదీ నెగటివ్ అయితే, టీకా పనిచేయని కొద్దిమందిలో మీరొకరు. ఆ మాట ఫైల్లో ఉండాలి, ఎందుకంటే సూది గుచ్చుకున్నప్పుడు మీకు ఇమ్యునోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) తప్పనిసరి.

పసితనంలో వేయించుకున్నట్టు కార్డు ఉండి, ఇప్పుడు టైటర్ తక్కువ వచ్చినవాళ్లు కంగారుపడక్కర్లేదు. ఒక బూస్టర్ వేసి నెల, రెండు నెలల తర్వాత మళ్లీ చూడాలి. శరీరానికి పాత టీకా గుర్తుంటే అంకె ఒక్కసారిగా పెరుగుతుంది. పెరగకపోతే మిగతా రెండు డోసులూ పూర్తి చేయాలి.

మరో సంగతి. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటలో వయల్ కొని, పాలిథిన్ సంచిలో వేసుకుని బస్సెక్కి ఊరికి తీసుకెళ్లి ఆర్‌ఎంపీ చేత వేయించుకుంటే ఆ డోసును నమ్మలేం. ఫ్రీజర్‌లో గడ్డకట్టినా హెపటైటిస్-బీ టీకా పాడవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి అక్కడికక్కడే వేసే చోట వేయించుకోండి. తేదీ, బ్యాచ్ నంబరు, మోతాదు, డాక్టరు సంతకం, ముద్ర కార్డు మీద ఇంగ్లిషులో రాయించుకోండి.

రెండో మెట్టు: మిగతా టీకాలు

తట్టు మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టండి. 2023, 2024ల్లో కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్‌లలో తట్టు బాగా ప్రబలింది. రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటలదాకా వైరస్ ఆ గాలిలో ఉంటుంది. మన పిల్లల్లో చాలామందికి 2017 ఆగస్టులో బడిలో ఎంఆర్ టీకా వేశారు. అది తట్టుకు, రుబెల్లాకు ఒక డోసు కిందే లెక్క, గవదబిళ్లలకు అందులో రక్షణ లేదు. రెండు డోసుల ఆధారం లేకపోతే, ఈ మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్ 28 రోజుల ఎడంతో రెండు డోసులు వేయించుకోవాలి.

ఆటలమ్మ చిన్నప్పుడు పోసి ఉంటే ఆ టీకా అక్కర్లేదు. మనలాంటి వేడి ప్రాంతాల్లో పెద్దయ్యేదాకా అది సోకనివాళ్లు చాలామంది ఉంటారు, పెద్దవాళ్లకు వస్తే న్యుమోనియా దాకా పోవచ్చు. గుర్తులేనివాళ్లు యాంటీబాడీ పరీక్ష చేయించుకుని, అవసరమైతే రెండు డోసులు వేయించుకోవాలి. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా రెండూ బతికున్న వైరస్ టీకాలు. ఒకే రోజు వేయించుకోవాలి, లేదంటే 28 రోజుల ఎడం ఉండాలి. గర్భిణులు వేయించుకోకూడదు, వేయించుకున్న నెలలోపు గర్భం రాకుండా చూసుకోవాలి.

ధనుర్వాతం, డిఫ్తీరియా, కోరింత దగ్గులకు వేసే టీడాప్ ఒకటి, తర్వాత పదేళ్లకొకసారి టీడీ (మొదటి రెండింటికే). ఫ్లూ టీకా ఏటా. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఒక డోసు. హెపటైటిస్-ఏ ఆరు నెలల ఎడంతో రెండు. ఫిలిప్పీన్స్, బంగ్లాదేశ్ వెళ్లేవాళ్లు కుక్కకాటుకు ముందస్తు టీకా 0, 7 రోజుల్లో రెండు డోసులు వేయించుకుంటే మంచిది. గయానా లాంటి యెల్లో ఫీవర్ ఉన్న దేశాలకైతే ఆ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి. సర్టిఫికెట్ వేసిన పదో రోజునుంచి చెల్లుతుంది. అది లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజులదాకా క్వారంటైన్‌లో ఉంచే వీలుంది.

మూడో మెట్టు: టీబీకి మొదటి రిపోర్టు

టీబీకి పెద్దవాళ్లలో నమ్మదగిన టీకా లేదు. పుట్టినప్పుడు వేసిన బీసీజీ ఈ వయసులో ఊపిరితిత్తుల టీబీని ఆపుతుందన్న నమ్మకం వద్దు. వెళ్లేముందు మీ స్థితి ఏమిటో ఒక రిపోర్టు రూపంలో ఉండాలి. చర్మంలోకి సూది వేసి వాపు కొలిచే మాంటూ పరీక్షను 48 నుంచి 72 గంటల మధ్య చదివించుకోవాలి. సూది వేయించుకుని ఊరికి వెళ్లిపోతే పరీక్ష వృథా. బీసీజీ వల్ల మాంటూ పాజిటివ్‌గా కనిపించవచ్చు, ఇగ్రా రక్తపరీక్షకు ఆ ఇబ్బంది లేదు. దాంతోపాటు ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి. ఎంఎంఆర్ వేయించుకునేవాళ్లు మాంటూగానీ ఇగ్రాగానీ అదే రోజు చేయించుకోవాలి, లేదా నెల దాటాక. మధ్యలో చేస్తే తప్పుడు నెగటివ్ రావచ్చు.

మన దగ్గర పెరిగినవాళ్లలో చాలామందికి ఇది పాజిటివే వస్తుంది. దానర్థం క్రిమి లోపల నిద్రలో ఉందని, జబ్బు ఉందని కాదు. ముందే పాజిటివ్ అని తెలిస్తే, అక్కడ రోగితో గడిపాక పరీక్ష పాజిటివ్ వచ్చినప్పుడు అది కొత్తదో పాతదో అన్న గందరగోళం ఉండదు.

నాలుగో మెట్టు: ఏ దేశంలో ఏది ఎక్కువ

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021-25 కాలానికి మందులకు లొంగని టీబీ ఎక్కువున్న 30 దేశాల జాబితా ఇచ్చింది. రష్యా, కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్, ఫిలిప్పీన్స్, బంగ్లాదేశ్ అందులో ఉన్నాయి. మన దేశమూ ఉంది. తేడా ఎక్కడంటే, మన పెద్దాసుపత్రి వార్డులో కిటికీలు ఏడాదంతా తెరిచే ఉంటాయి. కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో జనవరిలో సున్నాకు దిగువన చలి ఉన్నప్పుడు ఎవరూ తెరవరు. టీబీ రోగి దగ్గినప్పుడు వచ్చే సూక్ష్మ తుంపరలు మూసిన గదిలో అగరబత్తి పొగలా గంటలకొద్దీ తేలుతూ ఉంటాయి. అక్కడ చలికాలమంతా, మెడిసిన్ వార్డులోనైనా సరే, రెండు వారాలకు మించి దగ్గుతున్న రోగి గదిలోకి వెళ్తే ఎన్-95 పెట్టుకోవాల్సిందే. సర్జికల్ మాస్కు రోగికి పెట్టడానికి, మీకు కాదు.

జార్జియాలో 2015లో జరిపిన సర్వేలో పెద్దవాళ్లలో 5.4 శాతం మందికి హెపటైటిస్-సీ ఉన్నట్టు తేలింది. ఆ ఏడాదే ఆ దేశం దాన్ని నిర్మూలించే కార్యక్రమం మొదలుపెట్టి చాలామందికి నయం చేసింది. అయినా నడివయసు రోగి రక్తాన్ని అక్కడ తేలిగ్గా తీసుకోకండి. మధ్య ఆసియాలో, జార్జియాలో పచ్చిపాలతో బ్రూసెల్లోసిస్ అనే, పశువుల నుంచి సోకే జ్వరం వస్తుంది. కిర్గిజ్ మిత్రులు అభిమానంగా ఇచ్చే కుమిస్ గుర్రపు పచ్చిపాలతో చేసేదే. కజకిస్తాన్ దక్షిణ ప్రాంతంలో, ఉజ్బెకిస్తాన్‌లో క్రిమియన్-కాంగో జ్వరం ఉంది. జ్వరంతోపాటు చిగుళ్ల నుంచో చర్మం కిందో రక్తం కారుతూ, గొర్రెల మంద దగ్గర పనిచేసినట్టో పిడుదు కుట్టినట్టో చెప్పే రోగి వస్తే ఇంటర్న్ రక్తం తీయకూడదు. సీనియర్‌ను పిలవాలి. బంగ్లాదేశ్‌లో డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నిపా కాలం. ఖర్జూర చెట్ల నుంచి తీసిన పచ్చి రసం తాగొద్దు. మన తాటి నీరా అలవాటుతో అది కూడా అలాంటిదే అనుకునే ప్రమాదం ఉంది. ఫిలిప్పీన్స్‌లో వరద నీళ్లలో నడవాల్సి వస్తే లెప్టోస్పైరోసిస్‌కు డాక్సీసైక్లిన్ తీసుకోవాలా అని అదే రోజు డాక్టర్‌ను అడగండి.

ఐదో మెట్టు: సంచిలో పెట్టుకోవాల్సినవి

ఎన్-95లు రెండు రకాల ఆకారాల్లో కొనండి, ఒకటి మీ ముఖానికి సరిపోకపోతే రెండోది పనికొస్తుంది. చెవులకు తగిలించేవి కాకుండా తల వెనక్కి రెండు పట్టీలు వెళ్లేవి తీసుకోండి, అంచులు బిగుతుగా ఉంటాయి. ఊపిరి గట్టిగా వదిలినప్పుడు ముక్కు పక్కనుంచి కళ్లకు గాలి తగిలితే అది పనిచేయనట్టే. గడ్డం ఉంటే ఏ మాస్కూ అతుక్కోదు, తీసేయాలి. వాడినదాన్ని మళ్లీ వాడాల్సి వస్తే కాగితం కవర్లో పెట్టండి. పాలిథిన్‌లో తేమ నిలుస్తుంది.

కళ్లజోడు రక్షణ కాదు, దాని మీద పెట్టుకునే గాగుల్స్ కొనండి. మీ సైజు నైట్రైల్ గ్లోవ్స్ రెండు పెట్టెలు. ముందుభాగం మూసి ఉన్న తోలు బూట్లు. చెప్పులతో వార్డుకు వెళ్తే కిందపడ్డ సూది నేరుగా పాదంలోకి దిగుతుంది.

వీటిలో ముఖ్యమైనది హెచ్ఐవీకి వాడే ముందుజాగ్రత్త మందు. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన ఒకే మాత్ర, టీఎల్‌డీ అంటారు. రోజుకొకటి చొప్పున 28 రోజులు. 30 మాత్రల డబ్బాల్లో దొరుకుతుంది, అంటే ఒక డబ్బా ఒక పూర్తి కోర్సు. వెళ్లబోయే ఆసుపత్రిలో రాత్రిపూట ఇది దొరుకుతుందన్న నమ్మకం లేకపోతే, డాక్టరుకు పరిస్థితి వివరించి ప్రిస్క్రిప్షన్ మీద కొనుక్కోండి. క్రియాటినిన్ పరీక్ష ముందే చేయించుకోండి, టెనోఫోవిర్ కిడ్నీల మీద ప్రభావం చూపగలదు. డబ్బా విప్పకుండా, ప్రిస్క్రిప్షన్ జత చేసి, చెన్నైలో విమానం ఎక్కేటప్పుడు చేతి సంచిలోనే ఉంచుకోండి. ఆ దేశంలోకి మందులు తీసుకెళ్లడానికి ఉన్న నియమం యూనివర్సిటీని మెయిల్‌లో అడిగి, జవాబును ప్రింట్ తీసుకోండి.

ఆరో మెట్టు: మొదటి డ్యూటీకి ముందు రాతపూర్వకంగా అడగాల్సినవి

సూది గుచ్చుకుంటే పగలు ఎవరికి, రాత్రి ఎవరికి చెప్పాలి? హెచ్ఐవీ మందు ఏ గదిలో ఉంది, తాళం ఎవరి దగ్గర? హెపటైటిస్-బీ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఈ ఆసుపత్రిలో ఉందా, లేకపోతే ఎక్కడ? రోగి రక్తాన్ని పరీక్షకు ఎవరు పంపుతారు? ఖర్చు విద్యార్థి బీమా భరిస్తుందా? చాలా పాలసీలు జ్వరానికి, యాక్సిడెంటుకే రాసి ఉంటాయి, సూదిపోటు అందులో ఉందో లేదో పేరు పెట్టి అడగాలి.

రష్యన్ మాట్లాడే దేశాల్లో పెద్ద నగరాల్లో ప్రత్యేక ఎయిడ్స్ కేంద్రం ఉంటుంది, స్థానికులు "సెంటర్ స్పీద్" అంటారు. దాని చిరునామా, పనివేళలు ఫోన్‌లో రాసుకోండి. ఈ వాక్యం నోటికి రావాలి: "యా ఉకలోల్స్యా ఇగ్లోయ్", నాకు సూది గుచ్చుకుంది అని. అమ్మాయిలైతే "ఉకలోలస్" అనాలి.

ఏడో మెట్టు: వార్డులో

సూదికి మళ్లీ మూత పెట్టకండి. రక్తం తీయడానికి వెళ్లేటప్పుడే సూదుల డబ్బాను మంచం దగ్గరికి తీసుకెళ్లండి. వాడిన సూది పట్టుకుని వార్డులో నాలుగడుగులు నడిచినా ఎవరో ఒకరు తగులుతారు. డబ్బా ముప్పావు వంతు నిండగానే మార్చాలి. నిండినదాంట్లోకి సూదిని తోసేటప్పుడు గుచ్చుకోవడం చాలా తరచుగా జరిగేదే. మూత పెట్టక తప్పని పరిస్థితిలో మూతను బల్ల మీద ఉంచి, ఒక్క చేత్తో సూదిని దానిలోకి దూర్చండి, రెండో చెయ్యి వెనక్కి పెట్టుకోండి.

చెత్త సంచుల రంగుల్ని మన అలవాటుతో చూడొద్దు. మన 2016 నిబంధనల ప్రకారం గ్లోవ్స్, ఐవీ ట్యూబులు ఎర్ర సంచిలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి. రష్యాలో పసుపు మామూలు అంటువ్యాధి వ్యర్థాలకు, ఎరుపు అత్యంత ప్రమాదకర వ్యాధుల వ్యర్థాలకు. మొదటి రోజే నర్సును అడిగి ఫొటో తీసుకోండి.

చేతులకు ఆల్కహాల్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బు అయితే 40 నుంచి 60. విరేచనాల రోగిని చూశాక ఆల్కహాల్ చాలదు, సబ్బునీళ్లే. రక్షణ దుస్తులు విప్పేటప్పుడు ముందు గ్లోవ్స్, తర్వాత గాగుల్స్, తర్వాత గౌను. మాస్కు మాత్రం గది బయటికొచ్చి, తలుపు మూశాక, పట్టీలు పట్టుకుని చివరగా తీయాలి. తొడుక్కునేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు, విప్పేటప్పుడు అలసటలో చెయ్యి ముఖానికి తగులుతుంది.

సీనియర్ తొందరపెడుతున్నాడని గ్లోవ్స్ లేకుండా రక్తం తీయకండి. "ఒక్క నిమిషం సార్, గ్లోవ్స్ వేసుకుని వస్తాను" అంటే మీ ఇంటర్న్‌షిప్ ఎవరూ ఆపరు.

ఎనిమిదో మెట్టు: గుచ్చుకుంటే

పని ఆపండి. గ్లోవ్ తీసి, పారే నీళ్ల కింద సబ్బుతో కడగండి. పిండొద్దు, నోటితో పీల్చొద్దు, స్పిరిటూ బ్లీచూ పోయొద్దు. పిండితే కణజాలం నలుగుతుంది, లాభం లేదు. కంట్లో పడితే కూర్చుని తల వెనక్కి వంచి నీళ్లతోనో సెలైన్‌తోనో బాగా కడగాలి. కాంటాక్ట్ లెన్సులు ఉంటే ముందు అవి కంట్లో ఉండగానే కడిగి, తర్వాత వాటిని తీసి శుభ్రం చేయాలి. నోట్లో పడితే ఉమ్మి, పదేపదే పుక్కిలించాలి.

టైం రాసుకోండి. అక్కడినుంచి రెండు గంటల్లోపు మొదటి మాత్ర పడటం మేలు. 72 గంటలు దాటాక మొదలుపెట్టి లాభం లేదు. లోతుగా దిగినా, సూదిమీద రక్తం కనిపించినా, రక్తనాళంలోంచి తీసిన బోలు సూది అయినా, రోగి జబ్బు ముదిరి ఉన్నా ముప్పు ఎక్కువ. రోగి స్థితి తెలియకపోతే మొదటి మాత్ర వేసుకుని ఆ తర్వాత రిపోర్టు కోసం ఆగండి. రోగి రక్తం ఆయన అనుమతితో హెచ్ఐవీ, హెచ్‌బీఎస్ఏజీ, హెచ్‌సీవీ (హెపటైటిస్-సీ) పరీక్షలకు పంపాలి. నెగటివ్ అని తేలితే డాక్టరుతో మాట్లాడి మాత్ర ఆపేయొచ్చు. సూదినే పరీక్షకు పంపడం వల్ల ఏమీ తేలదు.

మాత్ర మొదలుపెట్టాక 28 రోజులూ మానకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలు, అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్‌లు డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. టీఎల్‌డీ వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. హెపటైటిస్-బీ ఉన్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఆపితే కాలేయం వాచే ప్రమాదముంది.

హెపటైటిస్-బీకి టైటర్ 10 దాటి ఉంటే ఏమీ అక్కర్లేదు, మొదటి మెట్టులో పడ్డ శ్రమకు ఇక్కడ ఫలితం కనిపిస్తుంది. టీకా లేనివాళ్లకు ఇమ్యునోగ్లోబ్యులిన్ కిలోకు 0.06 మిల్లీలీటరు, అంటే 60 కిలోల మనిషికి 3.6, వీలైతే 24 గంటల్లో, ఆలస్యమైనా ఏడు రోజుల్లోపు. అదే రోజు ఇంకో చోట టీకా. హెపటైటిస్-సీకి ముందుజాగ్రత్త మందు లేదు. మూడు నుంచి ఆరు వారాల్లో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, నాలుగు నుంచి ఆరు నెలల్లో యాంటీబాడీ పరీక్ష చేయించాలి. సోకినా 12 వారాల మాత్రలతో దాదాపు అందరికీ నయమవుతోంది.

చాలామంది పిల్లలు విషయం దాచేది వీసా భయంతో. హెచ్ఐవీ పరీక్షలో ఏదైనా తేలితే పంపించేస్తారేమోనని. మొదటి రోజుల్లో చేసే పరీక్షలో ఈ సూదివల్ల వచ్చింది కనిపించదు, అంతకు ముందు ఏమీ లేదని మాత్రమే తెలుస్తుంది. తర్వాత ఏదైనా వస్తే అది డ్యూటీలోనే వచ్చిందని చెప్పడానికి మీ దగ్గర ఉండే ఆధారం ఆ నెగటివ్ రిపోర్టే. ఆ తర్వాత ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు పరీక్షలు. అన్నీ పూర్తయ్యేదాకా రక్తదానం వద్దు, కండోమ్ తప్పనిసరి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. 28 రోజులు వికారంతో, నిద్రలేకుండా ఒంటరిగా గడపడం చాలా కష్టం.

తొమ్మిదో మెట్టు: ఇంటికొచ్చాక

మధ్యలో సెలవులకు వచ్చి మందు కొనసాగించాల్సి వస్తే నెల్లూరు దర్గామిట్టలో ఉన్న పెద్దాసుపత్రిలోగానీ, ఒంగోలు జీజీహెచ్‌లోగానీ హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ విభాగంలో కలవండి. జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 నంబరుకు ఫోన్ చేస్తే సమాచారం దొరుకుతుంది.

టీబీ రోగితో మాస్కు లేకుండా గడిపి ఉంటే, ఎనిమిది నుంచి పది వారాల తర్వాత ఇగ్రా మళ్లీ చేయించుకోండి. మొదట నెగటివ్ ఉండి ఇప్పుడు పాజిటివ్ వస్తే, ఆ రోగిది మందులకు లొంగని రకమా అన్నది డాక్టరుకు చెప్పడం ఎంతో ముఖ్యం. మామూలుగా ఇచ్చే ఐసోనియాజిడ్ ఆ క్రిమి మీద పనిచేయదు. అలాంటివాళ్లకు ఆరు నెలల లెవోఫ్లాక్సాసిన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సిఫార్సు చేసింది. అందుకే అక్కడినుంచి బయల్దేరేముందు ఆ రోగి మందుల నిరోధక పరీక్ష ఫలితం, పేరు లేకుండా, వార్డు డాక్టరును అడిగి రాయించుకుని తెచ్చుకోండి.

తిరిగొచ్చిన మూడు వారాల్లోపు జ్వరం వస్తే పొగతోట క్లినిక్కులో నిండుగా ఉన్న హాల్లో టోకెన్ కోసం కూర్చోకండి. ముందు ఫోన్ చేసి, ఏ దేశం నుంచి వచ్చారో, ఏ వార్డులో పనిచేశారో, ఒంటిమీద దద్దుర్లుగానీ రక్తపు మచ్చలుగానీ ఉన్నాయో చెప్పి, వేరే దారిలో రమ్మంటే అలా వెళ్లండి.